తడిగాలి ఊళ్లో తిన్నని జుట్టు

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి వెళ్లిన తర్వాతి మంగళవారం జరుగుతుంది. అది తరచుగా వాన వెలిసీ వెలియని రోజుల్లోనే పడుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి పుట్టే కాలం కావడంతో గాలి నిండా నీరే ఉంటుంది. ఆ ఉదయం ముప్పావుగంట అద్దం ముందు కూర్చుని స్ట్రెయిట్‌నర్‌తో పాయ పాయా లాగి సాపు చేసుకున్న జుట్టు, మూడు లాంతర్ల కూడలి దగ్గర సిరిమాను కదిలే వేళకే నుదుటి దగ్గర ముడుచుకోవడం, చెవుల వెనక ఉబ్బడం, కొనల్లో మళ్లీ మెలి తిరగడం మొదలుపెడుతుంది. దీన్ని చూసి ఇంచుమించు అందరూ ఇచ్చే తీర్పు ఒకటే, వేడి చాలలేదని. వచ్చేసారి మీట 180 డిగ్రీల దగ్గర కాకుండా 230 దగ్గర పెట్టాలని, ఒకసారి లాగిన చోట మూడుసార్లు లాగాలని అనుకుంటారు. జుట్టు పాడయ్యేది చాలావరకు ఈ తీర్పు వల్లనే. వేడితో తిన్నగా చేసిన జుట్టు మళ్లీ ముడుచుకోవడానికి వేడి తక్కువ కావడంతో ఉన్న సంబంధం స్వల్పం, గాలిలోని తేమతో ఉన్న సంబంధం చాలా ఎక్కువ. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊళ్లలో ఈ తేడా పట్టించుకోకుండా స్ట్రెయిట్‌నర్ వాడడమంటే నొప్పి ఒకచోట ఉంటే మందు మరోచోట రాసుకోవడమే.

గాలిలోని నీరు, వెంట్రుకలోని నీరు

వెంట్రుకలో ప్రధాన పదార్థం కెరాటిన్ అనే ప్రోటీన్. గోరు, గొర్రె ఉన్ని, పశువుల కొమ్ము కూడా ఆ జాతివే. వెంట్రుక పైపొరను క్యూటికిల్ అంటారు. పెంకుటింటి కప్పు మీద ఒక పెంకు అంచు మీదికి మరో పెంకు ఎక్కినట్టుగా, సన్నని పొలుసులు కుదురు వైపు నుంచి కొన వైపుకు పేర్చి ఉండే పొర అది. దాని లోపల ఉండే కార్టెక్స్‌లోనే వెంట్రుక బలం, సాగుడు, రంగు అన్నీ ఉంటాయి. కార్టెక్స్‌లోని ప్రోటీన్ గొలుసులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే బంధాల్లో రెండింటి గురించి ఇక్కడ చెప్పుకోవాలి. మొదటివి గంధకం పరమాణువుల మధ్య ఏర్పడే డైసల్ఫైడ్ బంధాలు. ఇవి గట్టివి, నీటికి లొంగవు. తలంటుకున్న ప్రతిసారీ జుట్టు తన పుట్టు ఆకారానికి తిరిగి వెళ్లగలగడానికి ఇవి చెదరకుండా ఉండడమే ముఖ్య కారణం. రెండోవి హైడ్రోజన్ బంధాలు. ఒక్కొక్కటిగా చూస్తే ఇవి బలహీనమైనవి, కానీ లెక్కకు అందనన్ని ఉంటాయి. నీరు తగిలితే విడిపోతాయి, ఆరేటప్పుడు వెంట్రుక ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమలోనే మళ్లీ కలుసుకుంటాయి. తడి తలతో జడ అల్లుకుని పడుకున్న పిల్లకు తెల్లారి జడ విప్పితే జుట్టంతా అలలు అలలుగా కనిపించడానికి కారణం ఇదే.

స్ట్రెయిట్‌నర్ చేసే పని కూడా అంతకు మించినది కాదు. వేడి పలకల మధ్య వెంట్రుకలో మిగిలిన కాస్త తేమ తొలగిపోతుంది, హైడ్రోజన్ బంధాలు సడలుతాయి, పలకలు వెంట్రుకను తిన్నగా పట్టి ఉంచుతాయి, చల్లారేటప్పుడు ఆ తిన్నని ఆకారంలోనే బంధాలు తిరిగి కుదురుకుంటాయి. ఈ మొత్తం వ్యవహారంలో డైసల్ఫైడ్ బంధాలను కదిలించాల్సిన అవసరం లేదు, కెరాటిన్ అసలు నిర్మాణాన్ని చెదరగొట్టాల్సిన అవసరం అంతకన్నా లేదు. అవి చెదిరేంత వేడి పెట్టినప్పుడు జుట్టు మరింత తిన్నగా కనిపించవచ్చు. అయితే అది సాపు కావడం కాదు, తిరిగి ముడుచుకునే శక్తిని కోల్పోవడం.

హైడ్రోజన్ బంధం నీటితోనే తెగుతుంది కాబట్టి, గాలిలో ఉన్న ఆవిరి కూడా నెమ్మదిగా అదే పని చేస్తుంది. వెంట్రుకకు తేమ పట్ల ఎంత స్పందన ఉందో చెప్పడానికి వాతావరణ శాస్త్ర చరిత్రే సాక్ష్యం. జెనీవాకు చెందిన హొరేస్ బెనెడిక్ట్ ద సోస్యూర్ అనే శాస్త్రజ్ఞుడు మనిషి వెంట్రుకనే సాధనంగా పెట్టి గాలిలో తేమను కొలిచే పద్ధతిని 1783లో తన గ్రంథంలో వివరించాడు. తేమ పెరిగితే వెంట్రుక కొద్దిగా సాగుతుంది, గాలి పొడిబారితే కురచవుతుంది, ఆ కాస్త తేడా ఒక ముల్లును కదుపుతుంది. ఈ సూత్రం మీద నడిచే పరికరాలు ఆ తర్వాత చాలాకాలం వాతావరణ కేంద్రాల్లో పనిచేశాయి. గాలి పూర్తిగా తేమతో నిండినప్పుడు వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం నీటిని పీల్చుకుంటుంది, మందంలో సుమారు 15 శాతం ఉబ్బుతుంది, పొడవులో మాత్రం 2 శాతం మేరకే పెరుగుతుంది. ఈ ఉబ్బు తలమీద ఉన్న వేల వెంట్రుకల్లో ఒకేలా జరగదు. ఒకటి ముందు ఉబ్బుతుంది, మరొకటి వెనకబడుతుంది, ఆ వరస తప్పడమే అద్దంలో రేగిన జుట్టుగా కనిపిస్తుంది.

శ్రీకాకుళం జిల్లాకు 190 కిలోమీటర్లకు పైగా తీరం ఉంది. కళింగపట్నంలోనో బారువలోనో సాయంత్రం ఆరుబయట ఆరేసిన బట్ట ఎంతకీ పెళపెళలాడదన్న సంగతి అక్కడివాళ్లకు ఎవరూ చెప్పనవసరం లేదు. అదే గాలి జుట్టు మీద కూడా వీస్తుంది. ఆశ్వయుజంలో సిరిమానుకు వెళ్లిన మనిషే మాఘంలో రథసప్తమికి అరసవల్లి వెళితే, అదే పరికరంతో, అదే వేడి దగ్గర, అంతేసేపు సాపు చేసుకున్న జుట్టు మంచు విడిచిన తర్వాత చాలాసేపు నిలుస్తుంది. ఈ రెండు రోజుల మధ్య మారింది గాలి ఒక్కటే. అంటే 180 డిగ్రీల దగ్గర కలిసిన హైడ్రోజన్ బంధాన్ని సముద్రపు తేమ ఎంత సులువుగా విప్పుతుందో, 230 డిగ్రీల దగ్గర కలిసినదాన్నీ అంతే సులువుగా విప్పుతుంది. అదనంగా పెట్టిన 50 డిగ్రీల వల్ల నిలకడ రాదు, నష్టం మాత్రం వస్తుంది.

ఈ నష్టానికి ఒక చిత్రమైన గుణం ఉంది. ఆరోగ్యంగా ఉన్న వెంట్రుక పైన 18-మిథైల్ ఐకోసనోయిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం అతి పలుచని పూతలా అంటిపెట్టుకుని ఉంటుంది. తామరాకు మీద నీటిబొట్టులాగా నీరు వెంటనే లోపలికి ఇంకకుండా ఆపేది అదే, వెంట్రుకకూ వెంట్రుకకూ మధ్య రాపిడి తగ్గించేది కూడా అదే. రంగులు, బ్లీచింగ్, రసాయనాలతో చేసే స్మూతెనింగ్ ఈ పూతను తొలగిస్తాయి. మితిమీరిన వేడి పొలుసుల అంచులను పగలగొట్టి, లేపి, నీటికి దారులు తెరుస్తుంది. అలా దెబ్బతిన్న జుట్టు తేమను మునుపటి కన్నా త్వరగా పీల్చుకుంటుంది, మునుపటి కన్నా త్వరగా రేగుతుంది. రేగింది కాబట్టి మళ్లీ స్ట్రెయిట్‌నర్ పెడతారు, నిలవలేదు కాబట్టి వేడి పెంచుతారు. పాత అప్పు తీర్చడానికి ఎక్కువ వడ్డీకి కొత్త అప్పు తెచ్చినట్టు, ప్రతి విడతా తర్వాతి విడత అవసరాన్ని తానే పెంచుతుంది.

పొందూరు పంచె, తడి జుట్టు

స్ట్రెయిట్‌నింగ్‌ను మన ఇళ్లలో సరదాగా జుట్టుకు ఇస్త్రీ చేయడం అంటారు. పోలిక బాగానే కుదిరింది, కానీ దానితోపాటు ఒక ప్రమాదకరమైన అలవాటు కూడా వచ్చి చేరింది. గంజి పెట్టిన పొందూరు ఖద్దరు పంచెను ఇస్త్రీ చేసేవారు ముందుగా నీళ్లు చిలకరించి, చుట్టచుట్టి కాసేపు పక్కన పెట్టి, ఆ చెమ్మ నూలంతటికీ సమంగా పాకిన తర్వాత పెట్టె నడుపుతారు. పొడి నూలు మీద మడత సరిగా పోదు, చెమ్మ మీద ఇట్టే పోతుంది. అదే పద్ధతిలో తల సగం ఆరగానే, లేదా ఆరిన తలకు నీళ్లు చిలకరించి మరీ స్ట్రెయిట్‌నర్ పట్టేవారు ఉన్నారు. చుయ్‌మని శబ్దం, పైకి లేచే ఆవిరి, చేతికి నున్నగా తగిలే పాయ, ఇవన్నీ చూస్తే పని బాగా జరుగుతోందనే అనిపిస్తుంది.

పత్తిపోగుకూ వెంట్రుకకూ ఇక్కడే పొత్తు చెడుతుంది. పత్తి సెల్యులోజ్. అది తడిస్తే బలపడుతుంది. వెంట్రుక ప్రోటీన్. అది తడిస్తే బలహీనపడుతుంది, కొద్దిపాటి లాగుడుకే ఎక్కువ సాగుతుంది, వేడికి చాలా ముందుగానే లొంగిపోతుంది. పూర్తిగా పొడిగా ఉన్న వెంట్రుకలో కెరాటిన్ నిర్మాణం కరిగి చెదిరే ఉష్ణోగ్రత సుమారు 230 డిగ్రీల సెల్సియస్ అయితే, నీటిలో ఉన్న వెంట్రుకలో అది సుమారు 150 డిగ్రీలకే జరుగుతుంది. స్ట్రెయిట్‌నర్ పలక మీద 180 అనే అంకె పొడి జుట్టుకు హద్దు లోపలిదే, తడి జుట్టుకు హద్దు దాటినది. ఒకే అంకెకు రెండు అర్థాలున్నాయని పరికరంతోపాటు వచ్చే కాగితాలు అరుదుగా చెబుతాయి.

దీనికి తోడు ఆవిరి బెడద ఉంది. నీరు ఆవిరైతే దాని ఘనపరిమాణం పదహారు వందల రెట్లకు పైగా పెరుగుతుంది. కార్టెక్స్ లోపల చిక్కుకున్న నీటికి పలకల మధ్య పారిపోయే వ్యవధి దొరకకపోతే, అది ఉన్నచోటే బుడగలా పొంగి, వెంట్రుకను లోపలి నుంచి తొలిచేస్తుంది. చర్మవైద్యంలో దీన్ని బబుల్ హెయిర్ అంటారు. సూక్ష్మదర్శినిలో చూస్తే అలాంటి వెంట్రుక పుచ్చిన వెదురులా లోపల గుల్లగుల్లగా కనిపిస్తుంది, దువ్వెన తగలగానే ఆ గుల్ల దగ్గరే తెగుతుంది. 175 డిగ్రీలు, అంతకు మించి వేడెక్కే హెయిర్ డ్రయ్యర్లతోనూ, 125 డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం పట్టి ఉంచిన కర్లింగ్ కడ్డీలతోనూ ఈ బుడగలు ఏర్పడ్డాయని 1994లో వెలువడిన వైద్య పరిశోధన నమోదు చేసింది. 125 అంటే చాలా స్ట్రెయిట్‌నర్ల మీటలో అది అట్టడుగు మెట్టు. ఎంత వేడి అన్నదానితోపాటు ఒకే చోట ఎంతసేపు ఆగింది అన్నది కూడా నష్టాన్ని నిర్ణయిస్తుందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

తడి జుట్టు మీదనే వాడవచ్చంటూ ఆవిరి బయటికి పోయే రంధ్రాలు పెట్టి అమ్మే పరికరాలు కూడా ఉన్నాయి. ఆ రంధ్రాలు పలకల మధ్య చేరిన ఆవిరికి దారి చూపుతాయి, వెంట్రుక లోపల పుట్టే ఆవిరికి కాదు. పది నిమిషాలు ఆదా అవుతాయన్న ఒక్క ఆకర్షణ కోసం వాటిని ఎంచుకోవడం తెలివైన బేరం అనిపించదు.

ఆరబెట్టడం అన్న దశ అందుకే మొత్తం పనిలో అతి ముఖ్యమైనది, అతి తక్కువ శ్రద్ధ దక్కేది కూడా. తలంటుకున్న తర్వాత తువ్వాలుతో రుద్దకుండా అద్దినట్టుగా నొక్కి నీరు తీయాలి. పెద్దపళ్ల దువ్వెనతో కొనల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయాలి. పొందూరులో పత్తిని దువ్వి శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. పోగు తెగకుండా నలుసు మాత్రమే పోయేంత నేర్పుగా దాన్ని నడపడం చూసినవారికి, తడి తలను పేనుదువ్వెనతో పీకే అలవాటు ఎంత మొరటుదో వేరే చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత డ్రయ్యర్ వాడాలా, గాలికే ఆరనివ్వాలా అన్న ప్రశ్నకు 2011లో కొరియా పరిశోధకులు వెలువరించిన ఫలితాలు ఆలోచింపజేస్తాయి. డ్రయ్యర్‌ను 5 సెంటీమీటర్ల దూరంలో పెడితే జుట్టు దగ్గర వేడి 95 డిగ్రీలు, 10 సెంటీమీటర్లలో 61 డిగ్రీలు, 15 సెంటీమీటర్లలో 47 డిగ్రీలు నమోదైంది. దగ్గరికి వచ్చేకొద్దీ పైపొర నష్టం పెరిగింది. అలాగని గాలికే ఆరనిచ్చిన జుట్టుకు ఏ నష్టమూ లేకుండా పోలేదు. ఎక్కువసేపు తడిగా ఉండిపోయిన ఆ వెంట్రుకల్లో కణాలను అతికి ఉంచే లోపలి పొర దెబ్బతింది. 15 సెంటీమీటర్ల దూరం నుంచి, ఒకేచోట నిలపకుండా కదుపుతూ ఆరబెట్టడమే మేలని వారు తేల్చారు. ఉక్కపోత రోజుల్లో తల గంటల తరబడి ఆరని మన తీరప్రాంతాలకు ఈ మాట మరింత వర్తిస్తుంది.

జుట్టు ఆరిందో లేదో పైపాయలను చూసి నిర్ణయించకూడదు. మెడ వెనక, చెవుల వెనక అడుగున ఉండే జుట్టు అన్నిటికన్నా చివర ఆరుతుంది. ఆ పాయను వేళ్ల మధ్య పట్టుకుని పెదవికి తాకిస్తే, తడి మిగిలి ఉంటే చల్లగా తగులుతుంది. చల్లదనం తెలిసినంతసేపూ స్ట్రెయిట్‌నర్ ప్లగ్గు పెట్టనవసరం లేదు.

మీట ఎక్కడ పెట్టాలి

పలకల వేడిని ఎంచుకోవడంలో జుట్టు పలుచనా ఒత్తా అన్నదానికన్నా, ఒక్కొక్క వెంట్రుక సన్నమా దొడ్డా, ఇదివరకు రసాయనాలు తగిలిందా లేదా అన్నవే చూడాలి. సన్నని వెంట్రుకకూ, రంగు వేసిన జుట్టుకూ, స్మూతెనింగ్ చేయించుకున్న జుట్టుకూ 150 డిగ్రీలకు లోపలే పని జరగాలి. ఏ రసాయనమూ తగలని మామూలు జుట్టుకు 150 నుంచి 180 మధ్య సరిపోతుంది. దొడ్డు వెంట్రుక, గట్టి రింగులు ఉన్నవారికి ఇంకొంచెం అవసరం కావచ్చు, కానీ 200 దాటించడానికి సరైన కారణం ఏదీ కనిపించదు. పెట్టెల మీద గొప్పగా అచ్చువేసే 230 అంకె పొడి కెరాటిన్ నిర్మాణం చెదిరే అంచు మీదే ఉందన్న సంగతి ఇంతకుముందే చూశాం. నెరిసిన వెంట్రుకలున్నవారు ఇంకాస్త జాగ్రత్త పడాలి, ఎందుకంటే ఎక్కువ వేడికి తెల్లజుట్టు పసుపు తిరుగుతుంది.

తక్కువ వేడి పెట్టి అదే పాయను ఆరేడుసార్లు లాగడం కూడా క్షేమం కాదు. ప్రతి లాగుడూ వేడిని, రాపిడిని రెండింటినీ కలుపుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పు మించని పాయ తీసుకుని, వేళ్ల మధ్య సమంగా పరచి, కుదురుకు కాస్త ఎడంగా మొదలుపెట్టి ఎక్కడా ఆగకుండా కొన దాకా ఒకే వేగంతో జారిస్తే ఒకటి రెండు సార్లకే పని పూర్తవుతుంది. అలా కాలేదంటే పాయ లావుగా తీశారనో, జుట్టు ఆరలేదనో అర్థం చేసుకోవాలి. కొనల దగ్గర వేగం తగ్గించడం చాలామంది చేసే పొరపాటు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, నడుము దాకా వేలాడే జడలో కొసభాగం అయిదారేళ్ల కిందట పుట్టినది. అన్ని ఎండలనూ, అన్ని తలంట్లనూ చూసిన ఆ భాగానికే అన్నిటికన్నా తక్కువ వేడి తగలాలి.

నూనె విషయంలో మన అలవాటులో సగం మేలైనది, సగం ప్రమాదకరం. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం కొబ్బరి పండే నేల కావడంతో ఈ ప్రాంతంలో తలకు కొబ్బరినూనె అన్నది చర్చకు వచ్చే విషయమే కాదు. తలంటుకు ముందు కొబ్బరినూనె పట్టించిన జుట్టు కడిగేటప్పుడు తక్కువ ప్రోటీన్‌ను కోల్పోతుందని, పొద్దుతిరుగుడు నూనెకూ మినరల్ ఆయిల్‌కూ ఆ గుణం లేదని 2003లో మన దేశంలోనే జరిగిన పరిశోధన తేల్చింది. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం చిన్న అణువు కావడం వల్ల వెంట్రుక లోపలికి చొరగలుగుతుంది. అయితే అది కడుక్కునే ముందు చేయాల్సిన పని. సాపు చేసే ముందు మెరుపు కోసం నూనె రాసుకుంటే కథ మారుతుంది. గానుగ కొబ్బరినూనె 175 డిగ్రీల చుట్టుపక్కల పొగలు కక్కడం మొదలుపెడుతుంది, మరిగిన నూనె వేడిని జుట్టుకు, ఒక్కోసారి చెవికి, మెడకు అంటిస్తుంది, పలకల మీద మాడి జిగురుగా అట్టకడుతుంది.

ఆ స్థానంలో వాడాల్సింది వేడి నుంచి కాపాడడానికి తయారుచేసిన సీరమో స్ప్రేయో. వీటిలో సాధారణంగా సిలికోన్లు, కొన్ని పాలిమర్లు ఉంటాయి. సిలికోన్ పొర వేడిని నెమ్మదిగా పోనిస్తుంది, పలక ఒరిపిడిని తగ్గిస్తుంది, ఒకచోట వేడి పోగుపడకుండా పరుస్తుంది. ఇది గొడుగు లాంటిదే తప్ప ఇంటికప్పు లాంటిది కాదు, నష్టాన్ని తగ్గిస్తుందే కాని లేకుండా చేయదు. నీళ్లలా ఉండే స్ప్రే చల్లిన వెంటనే పలకలు పెడితే, మళ్లీ తడి జుట్టు కథే మొదలవుతుంది కాబట్టి అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి.

సాపు చేసిన తర్వాతి పది నిమిషాల విలువ కూడా చాలామందికి తెలియదు. హైడ్రోజన్ బంధాలు కుదురుకునేది జుట్టు చల్లారేటప్పుడే. వేడి వేడిగా ఉన్న జుట్టుకు రబ్బరు బ్యాండు వేస్తే ఆ నొక్కు, క్లిప్పు పెడితే ఆ మడత అలాగే దిగబడిపోతాయి. ఫ్యాను కింద జుట్టు వదిలేసి కూర్చోవడం, డ్రయ్యర్‌లో చల్లగాలి మీట ఉంటే అది వాడడం, ఆ తర్వాతే చీర కట్టుకోవడం మంచి వరస. వంటింటి ఆవిరికీ, స్నానాల గది చెమ్మకూ ఆ పూట దూరంగా ఉండాలి. ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ అనుమానించరు. బజారులో మల్లెదండలు, కనకాంబరం మాలలు వాడిపోకుండా పూలమ్మేవారు గంటకోసారి నీళ్లు చిలకరిస్తూ ఉంటారు. అలాంటి తడిదండను సాపు చేసిన జుట్టు మీద తురుముకుంటే, దాని కింద ఉన్న భాగం గంట తిరగకుండా అలలు తేలుతుంది. దండను పొడిగుడ్డ మీద పరిచి చెమ్మ ఆరాక పెట్టుకుంటే చాలు.

పరికరం గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. సెరామిక్, టైటానియం, టూర్మలిన్ అన్న పేర్ల మధ్య తేడా అమ్మేవారు చెప్పేంత పెద్దది కాదు. టైటానియం పలక త్వరగా వేడెక్కుతుంది, సెరామిక్ వేడిని సమంగా పంచుతుంది. డిగ్రీల్లో వేడిని చూపి, దాన్ని మార్చుకోనిచ్చే మీట ఉందా లేదా అన్నదే అసలు చూడాల్సింది. ఎర్రదీపం, ఒక్క స్విచ్చు మాత్రమే ఉన్న చవకరకంలో పలక ఎంత వేడెక్కిందో వాడేవారికి తెలిసే దారే లేదు. పలక పూత పెచ్చులూడినా, అంచు గరుకెక్కినా ఆ పరికరాన్ని పక్కన పడేయడం మేలు.

పార్లర్ కుర్చీలో

వారం వారం ఈ తంతు పడలేక చాలామంది స్మూతెనింగ్, రీబాండింగ్, కెరాటిన్ ట్రీట్‌మెంట్ అనే పేర్లతో పార్లర్లలో జరిగే పద్ధతుల వైపు మళ్లుతున్నారు. ఇవన్నీ ఒకటి కావు. రీబాండింగ్‌లో థయోగ్లైకొలేట్ వంటి రసాయనంతో డైసల్ఫైడ్ బంధాలనే తెంచి, వేడి పలకలతో తిన్నగా చేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఆ కొత్త ఆకారంలో మళ్లీ కలుపుతారు. ఒకసారి చేయించుకున్న భాగం కత్తిరించేదాకా అలాగే ఉంటుంది, కుదుళ్ల నుంచి వచ్చే కొత్త జుట్టు మాత్రం తన పుట్టు రింగుతోనే వస్తుంది. ఆ రెండూ కలిసే గీత దగ్గర వెంట్రుక అన్నిటికన్నా బలహీనం. పాత భాగం మీదికి జారనివ్వకుండా కొత్త జుట్టుకే వేడి పెట్టడం అద్దంలో చూసుకుంటూ సొంతంగా చేసుకునేంత సులువైన పని కాదు.

కెరాటిన్ ట్రీట్‌మెంట్ అన్న పేరు వినడానికి పోషణలా ఉంటుంది, చాలా రకాల్లో అసలు పనిచేసేది మాత్రం ఫార్మాల్డిహైడ్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకంగా 2004లో నిర్ధారించింది. మిథిలీన్ గ్లైకాల్ అని పేరు మార్చి రాసినా, నీటిలో కలిసిన ఫార్మాల్డిహైడే అది, పలక వేడికి వాయువుగా పైకి లేస్తుంది. తలుపులు మూసి ఏసీ వేసిన చిన్న గదిలో కళ్లు మండితే ఆ మంటకు అర్థం అదే. కుర్చీలో కూర్చున్న మనిషి ఏడాదికి ఒకటి రెండుసార్లు పీల్చే ఆ గాలిని పార్లర్‌లో పనిచేసే అమ్మాయి రోజూ పీలుస్తుందన్న విషయం చర్చల్లో ఎక్కడా వినిపించదు.

ఫార్మాల్డిహైడ్ లేదన్న హామీతో వచ్చిన కొన్ని రకాల్లో దాని బదులు గ్లయాక్సిలిక్ ఆమ్లం వాడుతున్నారు. ట్యునీషియాలో ఒక యువతికి జుట్టు సాపు చేయించుకున్న మూడు సందర్భాల్లోనూ మూత్రపిండాలు దెబ్బతినడం గమనించిన ఫ్రెంచి వైద్యులు, ఆ క్రీములోని గ్లయాక్సిలిక్ ఆమ్లం చర్మం ద్వారా లోపలికి చేరి ఆక్సలేటుగా మారి మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకుంటోందని ఎలుకల మీద ప్రయోగంతో చూపి 2024లో ప్రచురించారు. ఉద్దానం పల్లెల్లో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ఎన్ని ఇళ్లను కుంగదీసిందో, దానికి కారణం ఇదమిత్థమని తేలకపోవడం ఎంత వేదన మిగిల్చిందో శ్రీకాకుళం జిల్లాలో తెలియనివారు లేరు. ఆ వ్యాధికీ ఈ క్రీములకూ ఏ సంబంధమూ లేదు. కానీ మూత్రపిండాల ఆరోగ్యం ముందే అనుమానంలో ఉన్న కుటుంబాలవారు అందం కోసం ఆ అవయవం మీద మరో భారం మోపడానికి ముందు సీసా మీద పదార్థాల జాబితా అడిగి చదవడం, ఆ పేరు కనిపిస్తే కుర్చీలోంచి లేవడం న్యాయమైన జాగ్రత్త.

వేడికి జుట్టు ఇప్పటికే ఎంత దెబ్బతిన్నదో తెలుసుకోవడానికి పార్లర్ అక్కర్లేదు. ఉంగరాల జుట్టున్నవారు తలంటుకుని, ఏమీ రాయకుండా, దువ్వకుండా ఆరనిచ్చి చూడాలి. హైడ్రోజన్ బంధాలు మాత్రమే మారిన జుట్టు నీరు తగలగానే తన రింగులను తిరిగి తెచ్చుకుంటుంది. కుదుళ్ల దగ్గర రింగు తిరిగి, చెంప దిగువ నుంచి తీగలా వేలాడే భాగం ఉంటే అక్కడ కెరాటిన్ చెదిరిందని అర్థం. వెంట్రుక పొడవునా అక్కడక్కడా ఆవగింజ కన్నా చిన్నవిగా తెల్లని చుక్కలు కనిపించినా, వేళ్లతో జారిస్తే ముడుల్లా తగిలినా పైపొర తెగి లోపలి పోగులు బయటికి పొడుచుకు వచ్చినట్టే. జుట్టు ప్రాణం లేని పదార్థం కాబట్టి ఆ భాగాన్ని ఏ నూనె, ఏ మాస్కు తిరిగి అతికించలేవు, కొన్నాళ్లు కప్పిపుచ్చగలవు. చిట్లిన కొన అక్కడే ఆగకుండా పైకి చీలుతూ పోతుంది కనుక, చీలిక కనిపించిన చోటికి ఒక అంగుళం పైన, కాగితాలకూ దారాలకూ వాడని పదునైన కత్తెరతో కత్తిరించాలి. మొండికత్తెర వెంట్రుకను కోయదు, నలిపి తెంపుతుంది, ఆ నలిగిన చోటే రేపటి చీలిక మొదలవుతుంది.